గొలుసు ప్రార్థనలో నా వంతు

సెప్టెంబర్ 1, సోమవారం

కిటికీలన్నీ తెరిచాను. ఫ్యాను పెద్దగా పెట్టాను. అయినా హాల్లోంచి పిప్పరమెంటు వాసన పోవడం లేదు. మా చర్చి పాస్టరు అయ్యగారు వచ్చి వెళ్ళి చాలాసేపైంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నోట్లో ఆ బిళ్ళ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మారుతూ ఉంటుంది. మారేటప్పుడు పళ్ళకి తగిలి టక్కుమంటుంది. సరిగ్గా 'ప్రభువు' అన్న మాట దగ్గరే ఎందుకు టక్కుమనాలో నాకు అర్థం కాదు. ఈ పుస్తకంలో ఆయన్ని పిప్పరమెంటు అనే రాస్తాను. బయట ఎలాగూ 'అయ్యగారూ, వందనాలండీ' అని వంగి వంగి చెప్తున్నాను కదా, ఇక్కడైనా నడుము నిటారుగా ఉండనీ.

వచ్చింది చిన్ని కోసం. చిన్ని, అంటే మా ఆయన చెల్లెలు, శనివారం ఒక సంచీ పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ఎడమ చెంప వాచిపోయి ఉంది. "తలుపు తగిలింది వదినా" అంది. ఆ తలుపుకి ఎన్ని వేళ్ళున్నాయో చెంప మీద లెక్కపెట్టుకోవచ్చు. నేనేమీ అడగలేదు. టీ పెట్టి ఇచ్చాను. ఎడమ పక్కన కూర్చుని మాట్లాడితే తనకి వినిపించడం లేదని కప్పు ఖాళీ అయ్యేలోపే తెలిసింది. లేచి కుడిపక్కకి వెళ్ళి కూర్చున్నాను. అప్పుడూ ఏమీ అడగలేదు.

చిన్ని మొగుడు పిప్పరమెంటుకి సొంత తమ్ముడు. ఫొటో స్టూడియో నడుపుతాడు. ఆ సంబంధం కుదిర్చింది కూడా పిప్పరమెంటే. మా అందరి తలల మీదా చేతులు పెట్టి మరీ కుదిర్చాడు.

"దేవుడు వేసిన ముడి చెల్లెమ్మా. మీ ఇంట్లో పెట్టుకుని మీరు దాన్ని వదులు చేస్తున్నారు" అన్నాడు ఇవాళ సోఫాలో వెనక్కి వాలి.

'మీ తమ్ముడు కొట్టాడు' అనాలనుకున్నాను. మాట గొంతు దాకా వచ్చింది కూడా.

"బిస్కెట్లు తీసుకోండి అయ్యగారూ" అన్నాను.

తీసుకున్నాడు. వచ్చే వారం శుక్రవారం గృహకూడిక, అంటే ఇళ్ళల్లో పెట్టే ప్రార్థన, ఎలాగూ మా ఇంట్లోనే. తమ్ముణ్ణి తీసుకొస్తాడట. గొలుసు ప్రార్థన పెడతాడట. "ఆఖరి ఆమెన్ అయ్యేసరికి చేతిలో చెయ్యి పెట్టి పంపించేద్దాం. ప్రభువు మహిమ చూస్తారు." టక్కు.

గొలుసు ప్రార్థన కంటే మంచి ఉచ్చు ఎవరూ కనిపెట్టలేరు. అందరూ చుట్టూ కూర్చుంటారు. కళ్ళు మూసుకుని వరసగా ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థించాలి. ఒకరు ఆమెన్ అనేదాకా ఇంకొకరు నోరు తెరవకూడదు, ఎవరూ లేచి వెళ్ళకూడదు. వంతు వచ్చినప్పుడు చిన్ని ఏమంటుంది? మొగుడు పక్కన, బావగారు ఎదురుగా, మధ్యలో దేవుడు. 'వెళ్తాను ప్రభువా' అనక ఏమంటుంది?

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ మెల్లగా అన్నాడు: "మీ గురించి కూడా భారంతో ప్రార్థిస్తున్నాను చెల్లెమ్మా. మీరు నాతో చెప్పుకున్నారు చూడండి, ఆ విషయం. పేరు పెట్టి ప్రార్థించమంటాడో, పేరు లేకుండానో అని ప్రభువుని అడుగుతున్నాను."

వందనాలు చెప్పాను. వంగి.

సెప్టెంబర్ 2

నాకేం భయం లేదు. పాల డెయిరీ ల్యాబులో పని ఎక్కువగా ఉంది, అంతే.

సెప్టెంబర్ 3, బుధవారం

'ఆ విషయం' ఏమిటో ఒకసారి రాసి చూసుకుంటే దాని కోరలు ఎంత పొడుగో తెలుస్తుంది.

పాప పుట్టి ఏడవకుండానే వెళ్ళిపోయిన ఏడాది అది. అందరూ వచ్చి ప్రార్థించారు. నేనూ ప్రార్థించాను. కొన్నాళ్ళకి గమనించాను, అవతల ఎవరూ లేరు. కోపం లేదు, గొడవ లేదు, ఎవరూ లేరంతే. అయినా ప్రతి ఆదివారం చర్చి వెనక గదిలో పిల్లలకి పాఠం చెప్తూనే ఉన్నాను. రంగు పెన్సిళ్ళు పంచుతూనే ఉన్నాను. ఒకరోజు తట్టుకోలేక వెళ్ళి పిప్పరమెంటుకి చెప్పేశాను. "నాలో ఏమీ మిగల్లేదు అయ్యగారూ. పాఠాలు మానేయమంటారా?"

తల మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు. అరచెయ్యి చెమటతో తడిగా ఉంది, ఆ తడి నా పాపిట్లోకి దిగడం నాకు ఇప్పటికీ గుర్తే. "మానకండి. ఇది మీకూ నాకూ ప్రభువుకీ మధ్య" అన్నాడు.

ముగ్గురిలో ఇంతవరకు నోరు విప్పనిది ప్రభువు ఒక్కడే.

మా సంఘంలో అందరూ చేసే పొరపాటే నేనూ చేశాను. మా దగ్గర ఎవరినీ తిట్టరు, ప్రార్థన అంశాల్లో చేరుస్తారు. టైలరక్క భర్త తాగుడు గురించి ఆయన చెవిలో చెప్పుకుని ఏడ్చింది. ఆ పై ఆదివారం సంఘమంతా మైకులో విని, ఆమె కోసం కన్నీళ్ళు పెట్టుకుంది. అప్పటినుంచి టైలరక్క మనుషుల మొహాలు చూడదు, కొలతలే చూస్తుంది. స్టేషన్ మాస్టరు తాతగారు ఒకప్పుడు చర్చి కమిటీలో ఆయనకి ఎదురు మాట్లాడేవారు. ఆయన మనవరాలి ప్రేమ వ్యవహారం కోసం నెల పొడుగునా ఉపవాస ప్రార్థన జరిగింది. ఇప్పుడు పిప్పరమెంటు తుమ్మినా తాతగారు స్తోత్రం అంటారు.

ఆయన కోపానికి ఎవరం భయపడం. ఆయన ప్రార్థనకి భయపడతాం.

సెప్టెంబర్ 5, శుక్రవారం

చిన్నిని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కర్ణభేరికి చిల్లు పడిందట. దానంతటది పూడుతుందేమో చూద్దాం, లేకపోతే ఆపరేషన్ అన్నాడు. నీళ్ళు తగలకూడదు, గట్టిగా చీదకూడదు.

"ఎలా తగిలింది?"

"తలుపు" అంది చిన్ని.

డాక్టరు రాయడం ఆపి నా వైపు చూశాడు. "ఇలాంటి తలుపుల్ని పోలీసులకి పట్టించొచ్చమ్మా. తెలుసా మీకు?"

నేను గోడ మీదున్న చెవి బొమ్మని చూస్తూ కూర్చున్నాను. నత్తగుల్లలా చుట్టుకుని ఉంది లోపలంతా. అంత సున్నితమైనదాన్ని ఎముక మధ్యలో దాచి పెట్టినవాడెవరో గాని, అరచెయ్యి అనేది ఒకటుంటుందని మర్చిపోయాడా అనిపించింది.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. షర్టు మడతపెడుతున్నవాడు దాన్నే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు. మా ఆయన సంఘం వాళ్ళ స్కూల్లో లెక్కల మాస్టారు. స్కూల్ కమిటీకి అధ్యక్షుడెవరో వేరే రాయక్కర్లేదు.

"ఏం చేద్దామంటావ్?"

"మీ చెల్లెలండీ."

"అందుకే నిన్ను అడుగుతున్నా. నువ్వు చదువుకున్నదానివి."

"మీరు చదువుకోలేదా?"

"నేను లెక్కలు చదువుకున్నాను."

ఇద్దరం నవ్వాం. పక్కగదిలో ఆ పిల్ల చెవిలో దూది పెట్టుకుని పడుకుని ఉంది, ఇక్కడ మేమిద్దరం నవ్వాం. నవ్వు ఆగాక నోరు కడుక్కోవాలనిపించింది.

సెప్టెంబర్ 7, ఆదివారం

మొదలుపెట్టాడు.

ప్రసంగం అయ్యాక కళ్ళు మూసుకుని, మైకు పెదవులకి ఆనించుకుని, గొంతు తగ్గించి: "మా మధ్య ఒక సహోదరి ఉంది ప్రభువా. చిన్నబిడ్డల ముందు ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడుతోంది. పైకి విశ్వాసి. లోపల ఎండిపోయింది. ఆమె ఎవరో నీకు తెలుసు ప్రభువా. నాకూ తెలుసు. ఇంకెవరికీ తెలియనవసరం లేకుండానే ఆమెను సరిచెయ్యి."

సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను.

కళ్ళు తెరిచాక ఆడవాళ్ళందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం చూడాలి. పిల్లలకి పాఠాలు చెప్పేవాళ్ళం నలుగురం. మిగతా ముగ్గురి మొహాలూ పాలిపోయాయి. తమలో ఎవరో తేలేదాకా ముగ్గురూ నిద్రపోరు. ఒక్క గిన్నెతో నాలుగిళ్ళు కొట్టాడు, దొంగకి కూడా ఇంత పొదుపు చేతకాదు.

బయటికొస్తుంటే గుమ్మం దగ్గర నా చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని నొక్కాడు. "శుక్రవారం కలుద్దాం చెల్లెమ్మా." ఇంటికొచ్చి సబ్బుతో కడిగాను. తర్వాత గిన్నెలు తోమే పీచుతో కడిగాను.

నేను నోరు మూసుకున్నది చిన్ని మంచికే. గొడవ పెద్దదైతే నష్టపోయేది తనే. మా ఆయన ఉద్యోగం కూడా ఉంది. ఇందులో నా భయం ఏమీ లేదు.

సెప్టెంబర్ 8

పొద్దున టిఫిను ముట్టుకోలేదు. నిన్నటి బ్రెడ్డు పడలేదనుకుంటా.

సెప్టెంబర్ 9, మంగళవారం

పని నుంచి వచ్చేసరికి చిన్ని సంచీ సర్దుకుని మంచం మీద పెట్టుకుని కూర్చుంది.

"శుక్రవారం వెళ్ళిపోతాను వదినా."

"ఎవరైనా ఏమన్నారా?"

"అనాలా? అన్నయ్య మొహం చూస్తున్నాగా. అన్నం కూడా లెక్కలు దిద్దినట్టు తింటున్నాడు." సంచీ జిప్పు లాగుతూ, "నీ మొహం కూడా చూస్తున్నా" అంది.

నేను దుప్పటి మడతపెట్టాను. అది మడతపెట్టే ఉంది.

"అమ్మగారు ఫోన్ చేశారు" అంది. అమ్మగారంటే పిప్పరమెంటు భార్య. "మీ వదిన మనసు బలహీనం, ఇలాంటివి తట్టుకోలేదు, ఆమె ఆరోగ్యం చూసుకో అన్నారు. ఏమైంది వదినా నీకు?"

"ఏం కాలేదు."

"నాకూ తలుపే తగిలింది" అంది చిన్ని, నా కళ్ళలోకి చూస్తూ.

తర్వాత తనే నవ్వేసింది. "పోనీలే. ఎడమది ఎలాగూ పోయింది. కుడిది జాగ్రత్తగా చూసుకుంటా. అతనికి ఎడమ చెయ్యి వాటం కాదు."

ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను, కాని ఇక్కడ కూడా అబద్ధం చెప్తే ఇక చెప్పుకోవడానికి చోటు లేదు. 'వెళ్ళిపోతాను' అని తను అన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఒక్క క్షణం. బరువు దించినట్టు. నా పేరు మైకులోకి ఎక్కదు, మా ఆయన ఉద్యోగం ఉంటుంది, హాల్లో పిప్పరమెంటు వాసన ఉండదు. ఒక చెవి కదా ఖరీదు, అదీ నాది కాదు.

ఇంత రోత నేను ఏ పాల క్యాను మూత తీసినప్పుడూ చూడలేదు.

సెప్టెంబర్ 10, బుధవారం

ల్యాబులో ఇవాళ ఒక ట్యాంకర్‌ని వెనక్కి పంపించాను. డ్రైవరు గొడవ.

"మేడమ్, వాసన లేదు, పులుపు లేదు, మరిగిస్తే విరగలేదు. ఇంకేం కావాలి మీకు? పాలు వచ్చి సాక్ష్యం చెప్పాలా?"

వాసన లేదు, నిజమే. పులుపూ లేదు. కాని నాలుక మీద పెట్టుకుంటే సబ్బులా జారింది. దారిలో పులిసిపోయిన పాలలో సోడా కలిపితే అలాగే ఉంటుంది. పులుపు చచ్చిపోతుంది. పాలు తియ్యగా, మర్యాదగా కనిపిస్తాయి. మందు చుక్కలు వేశాను. నాళికలో గులాబీ రంగు తిరిగింది. డ్రైవరు ఆ రంగు చూసి, "అందంగా ఉంది మేడమ్" అని వెళ్ళిపోయాడు, పాపం.

చేతులు కడుక్కుంటూ అక్కడే నిలబడిపోయాను. నాకు ఈ వారమంతా ఎందుకింత అసహ్యం? భయం సరే, ఉద్యోగం, పరువు, అర్థమవుతుంది. ఈ వాంతి వచ్చేటంత రోత ఎక్కణ్ణుంచి? నిజంగా అవతల ఎవరూ లేరనుకుంటే పిప్పరమెంటు ప్రార్థన నన్నేం చేయాలి? లేనివాడి పేరు వాడుకుంటే నాకేం? అబద్ధపు సంతకమైనా ఎవరిదో ఒకరి సంతకంలా ఉండాలి కదా. ఆయన 'ప్రభువు' అన్నప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తోందంటే, ఆ పేరు అలా ఉండదని నాలో ఏదో మూల ఇంకా తెలుసు. మంచిపాలు ఎప్పుడూ తాగనివాళ్ళకి సోడా పాలు బాగానే ఉంటాయి. నేను తాగాను. ఎప్పుడో చిన్నప్పుడు, మా అమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు, తాగాను.

ఇంకొకటి కూడా తోచింది, రాయడానికి జంకుగా ఉంది. ఆయన్ని, ఆ అసలాయన్ని, పట్టించి, చెంపలు వాయించి, సిలువకి ఎక్కించినవాళ్ళెవరు? దేవుడు లేడన్నవాళ్ళు కాదు. వేళ తప్పకుండా ప్రార్థన చేసేవాళ్ళు. అందరూ అయ్యగార్లే. అలాంటప్పుడు ఆయన గది నిండా అయ్యగార్లుంటే ఎవరి పక్కన కూర్చుంటాడు? నేను ఇన్నాళ్ళూ పిప్పరమెంటు పక్క కుర్చీలో ఆయన్ని వెతుకుతున్నాను. కనబడలేదని ఏడుస్తున్నాను.

ఇదంతా నన్ను నేను సముదాయించుకోవడం కావచ్చు. నాకు అలవాటే. ఒక పరీక్షతో దేన్నీ తేల్చకూడదని మా ప్రొఫెసరు చెప్పేవారు.

సెప్టెంబర్ 11, గురువారం

మధ్యాహ్నం భోజనాల వేళ స్టోర్ గదిలో ఖాళీ సీసాల మధ్య నిలబడి ప్రార్థించాను. చాలా రోజులైంది కాబట్టి ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఉన్నావో లేదో నాకు తెలియదు. ఉంటే రేపు సాయంత్రం మా ఇంటికి రా. కొంచెం ముందే వచ్చి కూర్చో. చిన్ని పక్కన ఖాళీ ఉంచుతాను."

ఫ్రిజ్ మోటారు చప్పుడు.

అక్షరాలు కోడిగీతల్లా వస్తున్నాయి. ఇది భయమే. ఇన్నాళ్ళూ కాదని రాసినవన్నీ కొట్టేసినట్టే.

సెప్టెంబర్ 12

వచ్చారు. వెళ్ళారు. రేపు రాస్తాను.

సెప్టెంబర్ 13, శనివారం

కుర్చీలన్నీ గోడల వెంట వేశాను. ఎవరు ఎక్కడ కూర్చోవాలో పిప్పరమెంటే చూపించాడు. మొదట తను, పక్కన తమ్ముడు, తర్వాత అమ్మగారు, స్టేషన్ మాస్టరు తాతగారు, టైలరక్క, మా ఆయన, నేను, అందరికంటే ఆఖర్న చిన్ని. చిన్ని ఆమెన్ తోనే గొలుసు పూర్తవ్వాలని. చిన్నికి అటుపక్క ఒక కుర్చీ మిగిలింది. తమ్ముడు దాన్ని లాక్కోబోతుంటే, "దాని కాలు విరిగింది, పడతారు" అన్నాను. విరగలేదు. సర్దిన సంచీ తలుపు పక్కనే ఉంది. తెల్ల చొక్కా వేసుకొచ్చాడు తమ్ముడు. దువ్వుకున్న జుట్టు ఇంకా తడిగానే ఉంది.

కళ్ళు మూసుకున్నాం. పిప్పరమెంటు మొదలుపెట్టాడు. చెదిరిన గూడు, రెక్కలు, క్షమాపణ. తమ్ముడు అందుకున్నాడు. ఏడ్చాడు. మంచి ఏడుపు. మనుషుల మొహాలు ఏ వెలుతురులో బాగా వస్తాయో తెలిసినవాడి ఏడుపు. "కోపంలో ఏదో జరిగిపోయింది ప్రభువా." ఏదో. జరిగిపోయింది. ఆ రెండు మాటల మధ్య ఒక చెవి పట్టేసింది. అమ్మగారు స్త్రీల సహనం గురించి దేవుడికి వివరించింది. తాతగారు స్తోత్రం చెప్పారు. టైలరక్క జ్వరాలతో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థించింది. మా ఆయన "శాంతి దయచెయ్యి ప్రభువా, ఆమెన్" అన్నాడు. అంత చిన్న ప్రార్థన ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ చేసి ఉండరు.

నా వంతు.

కళ్ళు మూసుకుంటే నా చీకట్లో ఏమీ లేదు. గోరు అరచేతిలోకి దిగుతోంది. టక్కు, ఎదురుగా బిళ్ళ బుగ్గ మారింది. ఆ చప్పుడు వినగానే కడుపులోంచి ఆ రోత పైకి లేచింది. దాన్ని పట్టుకునే లేచాను, ఇంకేమీ దొరకలేదు పట్టుకోవడానికి.

"ప్రభువా, నువ్వు వింటున్నావో లేదో నాకు తెలియదు" అన్నాను. "చాలా కాలంగా తెలియడం లేదు. ఆ మాట నమ్మి అయ్యగారికి చెప్పాను. ఎవరికీ చెప్పనన్నారు. పోయిన ఆదివారం మైకులో చెప్పారు. ఆ ఖాళీ గిన్నె నేనే ప్రభువా. మిగతా ముగ్గురూ ఇవాళ్టి నుంచి హాయిగా నిద్రపోవచ్చు."

"ఆమెన్!" అన్నాడు పిప్పరమెంటు గట్టిగా.

"ఇంకా అవలేదు ప్రభువా" అన్నాను.

నా గొంతు నాది కానట్టు సన్నగా వస్తోంది. "చిన్నికి తలుపు తగల్లేదు. కొట్టినవాడు ఈ గదిలోనే ఉన్నాడు. నాకు మొదటి రోజే తెలుసు. తెలిసి టీ పెట్టాను. అయ్యగారికి బిస్కెట్లు పెట్టాను. నువ్వు చెంపదెబ్బలు తిన్నవాడివి. ఎలా ఉంటుందో నీకు ఎవరూ వివరించక్కర్లేదు..."

పిప్పరమెంటు పాట ఎత్తుకున్నాడు. ఎవరైనా ప్రార్థన మరీ సాగదీస్తే మా దగ్గర అలాగే ఆపుతారు. మెల్లగా చప్పట్లతో ఒక పల్లవి అందుకుంటే అందరూ కలుస్తారు, ప్రార్థించేవాళ్ళు కూర్చుండిపోతారు. "స్తోత్రమూ... స్తోత్రమూ..." అమ్మగారు కలిసింది. తాతగారి చప్పట్లు రెండు వినిపించాయి, మూడోది వినిపించలేదు. టైలరక్క గొంతు ఎంత పెద్దదో సంఘానికంతటికీ తెలుసు, ఆ గొంతు కోసం నేను చెవులు రిక్కించాను. రాలేదు. నేను కళ్ళు తెరవలేదు, కూర్చోలేదు. భార్యాభర్తలిద్దరే పాడుతున్న పాట ఎంతసేపు సాగుతుంది? రెండో చరణం మధ్యలో దానంతటదే చల్లారిపోయింది.

"పాట అయిపోయింది ప్రభువా" అన్నాను. "మళ్ళీ వచ్చాను. ఈ పిల్లని నేను పంపించను. తను వెళ్తానన్నా నా మొహం చూసి అంటోంది కాబట్టి, ముందు నా మొహం బాగుచెయ్యి. నాకు చాలా భయంగా ఉంది. నాకు నీ మీద నమ్మకం ఉందో లేదో తర్వాత చూసుకుందాం, నువ్వు మాత్రం ఇక్కడే ఉండు. ఆమెన్."

కూర్చున్నాను.

ఎవరూ కదల్లేదు. ప్రార్థన ఇంకా పూర్తి కాలేదు, చిన్ని వంతు ఉంది. మధ్యలో మాట్లాడటానికి వీల్లేదు, పిప్పరమెంటుకి కూడా. ఎవరి కోసం అల్లిన గొలుసో అది.

చిన్ని మామూలుగా, పక్కగదిలో ఉన్న మనిషితో చెప్పినట్టు అంది: "నేను వెళ్ళను ప్రభువా. ఆమెన్."

"ఏయ్!"

తమ్ముడు. ఒక్క మాట. తడి జుట్టు, కన్నీళ్ళు, తెల్ల చొక్కా అన్నీ ఉండగానే ఆ మాట వచ్చేసింది. కళ్ళు తెరిచి చూస్తే చిన్ని రెండు చేతులూ చెవుల దగ్గరికి వెళ్ళిపోయి ఉన్నాయి. ఆ ఇంట్లో రోజూ ఏం జరుగుతుందో గదిలో అందరికీ ఆ ఒక్క క్షణంలో సినిమాలా కనిపించింది.

"బాబూ, ప్రార్థనలో ఉన్నాం" అన్నారు తాతగారు. ఆయన గొంతులో స్తోత్రం కాని మాట విని ఎన్నాళ్ళైందో.

పిప్పరమెంటు లేచాడు. మొహం మీద చిరునవ్వు అలాగే ఉంది, విప్పడం మర్చిపోయినట్టు. మా ఆయన వైపు తిరిగి, "బ్రదర్, మీ ఆవిడకి విశ్రాంతి అవసరం. సోమవారం స్కూల్లో నన్ను కలవండి" అన్నాడు.

మా ఆయన ముందు స్టూలు మీద, ప్రార్థనకి ముందు తాగిన టీ కప్పు ఉంది. దాన్నే చూస్తూ, "మా చెల్లెలు ఇక్కడే ఉంటుందండీ" అన్నాడు. కప్పుకి చెప్పినట్టు చెప్పాడు. అయినా చెప్పాడు.

అందరూ వెళ్ళాక నేను స్నానాలగదిలోకి వెళ్ళి నిజంగానే వాంతి చేసుకున్నాను. విజయం ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. దేవుడు వచ్చాడా అని నన్నెవరైనా అడిగితే ఏం చెప్పాలి? చిన్ని పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. కాని పాట ఆగిపోయేదాకా నా మోకాళ్ళని నిలబెట్టింది నేను కాదు. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు.

సెప్టెంబర్ 14, ఆదివారం

వెళ్ళొద్దనే అనుకున్నాను. చిన్ని చీర కట్టుకుని వచ్చి, "నేను వెళ్తున్నా. నువ్వు రాకపోతే ఒక్కదాన్నే వెళ్తా" అంది. ముగ్గురం వెళ్ళాం. మా ఆయన మా ఇద్దరి మధ్య కూర్చోకుండా నడవ పక్కన చివర కూర్చున్నాడు, ఎవరైనా మా వరసలోకి రావాలంటే ఆయన్ని దాటి రావాలి. ఆయన ఆ లెక్క వేసే కూర్చున్నాడో లేదో అడగలేదు.

పిల్లల గది తలుపు దగ్గర అమ్మగారు నిలబడింది. "ఇవాళ్టి నుంచి పాఠం మేం చూసుకుంటాం" అంది. రంగు పెన్సిళ్ళ డబ్బా ఇచ్చేశాను. దానికి మాత్రం ఏడుపొచ్చింది.

ప్రసంగం తర్వాత పిప్పరమెంటు మైకు దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి పేరు పెట్టాడు. ఇంటిపేరుతో సహా. విశ్వాసం కోల్పోయిన మన సహోదరి అన్నాడు. బిడ్డ పోయినప్పుడే మనసు చెదిరిందన్నాడు. గర్వం, తిరుగుబాటు అన్నాడు. ఏడాదుల తరబడి నేను భయపడిన ప్రతి మాటా వరసగా అన్నాడు, ఒక్కటీ వదల్లేదు. నా చుట్టూ వీపులు బిగుసుకుపోవడం తెలుస్తోంది. చిన్ని నా చెయ్యి పట్టుకుంది. పాప మాట వచ్చినప్పుడు లేచి అతని నోట్లోంచి ఆ మాట లాక్కోవాలనిపించింది. దానికి కూడా సోడా కలిపాడు.

"ఆమె అవిశ్వాసాన్ని బాగుచెయ్యి ప్రభువా" అని ముగించాడు.

సంఘం ఎప్పటిలా వెంటనే ఆమెన్ అనలేదు. అందరూ నా వైపు చూడకుండా చూస్తున్నారు.

"ఆమెన్" అన్నాను.

గట్టిగానే అన్నాను. అన్నవాడు ఎవడైతేనేం, అడిగింది నాక్కావలసిందే. ఇన్నేళ్ళుగా నేను అడగలేక చచ్చిన మాట అది. పిప్పరమెంటు కళ్ళు తెరిచాడు. ఆ తర్వాత చెప్పాల్సిన ప్రకటనలు మర్చిపోయాడు, వెనకనుంచి ఎవరో కాగితం అందించాల్సి వచ్చింది.

గుమ్మం దగ్గర చేతులు చాచి నిలబడ్డాడు. దూరం నుంచే వందనాలు చెప్పి వచ్చేశాను. నడుము వంచలేదు. టైలరక్క మెట్ల దగ్గర చిన్నిని ఆపి, జాకెట్టు భుజం సరిచేస్తున్నట్టు చెయ్యి వేసి, ఏదీ సరిచేయకుండా వెళ్ళిపోయింది.

భయం పోలేదు. రేపు మా ఆయనకి స్కూల్లో ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఇంటికి వస్తుంటే స్టూడియో షట్టర్ దగ్గర తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడి మేం వీధి మలుపు తిరిగేదాకా చూశాడు. చిన్ని అటు తల తిప్పలేదు.

"రేపు సెలవు పెడతావా వదినా?" అంది మలుపు తిరిగాక.

"ఎందుకు?"

"డాక్టరు దగ్గర చెవి గురించి రాయించుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం. ఒక్కదాన్నే వెళ్తే వాళ్ళు చెప్పేది సగమే వినిపిస్తుంది."

సరేనన్నాను. కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది: "వచ్చే ఆదివారం కూడా నీ పేరు పెట్టే ప్రార్థిస్తాడేమో."

"చేయనీవే" అన్నాను. "నాకు ప్రార్థనలు చాలా అవసరం."

చిన్ని రోడ్డు మధ్యలో ఆగి పడీపడీ నవ్వింది. వెనక ఆటో హారన్ కొట్టింది. మా ఆయన వచ్చి ఇద్దర్నీ పక్కకి లాగాడు.